ఎడారి రాళ్లకు అంత ఎరుపు ఎందుకు?

అమెరికాలోని ఆరిజోనా, యూటా ఎడారుల్లో తీసిన రాళ్ల ఫొటోలు ఒక ఇరవై పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరు తీసినా, ఎక్కడ తీసినా అన్నింట్లోనూ ఒకటే ఎరుపు. మాన్యుమెంట్ వ్యాలీ కొండలదీ అదే రంగు, యాంటిలోప్ కాన్యన్ గోడలదీ అదే రంగు, ఆర్చెస్ నేషనల్ పార్కులోని రాతి తోరణాలదీ అదే రంగు. నిజానికి ఇవన్నీ ఒక్క కాలంలో పుట్టిన రాళ్లు కావు. మాన్యుమెంట్ వ్యాలీ రాతికీ, ఆర్చెస్ రాతికీ మధ్య సుమారు 10 కోట్ల ఏళ్ల తేడా ఉంది. ప్రింటు దాకా వచ్చేసరికి ఆ తేడా అంతా సాచురేషన్ (రంగుల గాఢత) పెంచే స్లైడర్ కింద పడి నలిగిపోతోంది.

ఎడారి రాయిని కాగితం మీద నిలబెట్టేది ఎరుపు అని నేను నమ్మను. ఎరుపు పక్కనుండే చల్లని రంగులే దాన్ని నిలబెడతాయి. నీడలో ఉండే నీలం, పొరల మధ్య దాక్కున్న లేత గులాబీ, లోయ అడుగున కనిపించే ఊదా, ఇవి బతికితే రాయికి బరువు వస్తుంది, లోతు వస్తుంది. ఇవి చచ్చిపోయిన ప్రింటును ఎంత పెద్ద సైజులో వేసినా, ఎంత ఖరీదైన కాగితం మీద వేసినా అది పోస్టరే. ఈ మాట అన్నందుకు నాతో పోట్లాడిన ఫొటోగ్రాఫర్ మిత్రులు ఉన్నారు. వాళ్ల వాదనలకు కూడా వస్తాను.

ముందు ఆ ఎరుపు సంగతి చూద్దాం. ఆ ప్రాంతంలో విస్తారంగా కనిపించే నవాహో ఇసుకరాయి సుమారు 19 కోట్ల ఏళ్ల కిందట ఉత్త ఇసుక దిబ్బలు. గాలి ఇసుకను దిబ్బ మీదికి తోసి అవతలి వాలులో పారబోసేది. గాలి దిక్కు మారితే పొరలు వేరే కోణంలో పడేవి. ఆరిజోనా ఉత్తర సరిహద్దులో ఉన్న 'ద వేవ్' దగ్గర మెలికలు తిరిగి కనిపించే గీతలు ఆ వాలు పొరలే. ఇసుక రేణువుకు సొంతంగా పెద్ద రంగేమీ లేదు, అది క్వార్ట్జ్. దాని చుట్టూ పలచని పొరగా హెమటైట్, అంటే ఇనుము తుప్పులాంటి ఖనిజం పట్టింది. ఆ తర్వాత రాతి లోపల పారిన ద్రవాలు కొన్నిచోట్ల ఆ ఇనుమును కరిగించి తీసుకుపోయాయి, ఇంకొన్నిచోట్ల తెచ్చి పేర్చాయి. అందుకే ఒక జానెడు రాతిలోనే తెలుపు, లేత పసుపు, గులాబీ, ఇటుకరంగు, ఊదా అన్నీ పక్కపక్కనే ఉంటాయి.

సాచురేషన్ పెంచగానే మొదట పోయేవి ఈ మధ్యరకం రంగులే. గులాబీ ఎరుపైపోతుంది, లేత పసుపు నారింజైపోతుంది. పొరకూ పొరకూ మధ్య ఉన్న గీత చెరిగిపోతుంది. ద వేవ్‌కు ఇప్పుడు రోజుకు 64 మందిని మాత్రమే పంపుతారు, అదీ లాటరీలో పేరు వస్తేనే. 2021కి ముందైతే ఆ సంఖ్య 20. అంత తిప్పలు పడి పర్మిట్ సంపాదించి, నీళ్లు మోసుకుంటూ దారి సరిగా లేని ఇసుకలో నడిచి వెళ్లి, చివరికి ఆ పొరల్ని చెరిపేసిన ఫొటోతో తిరిగొస్తే ఏమనాలి?

ఇప్పుడు అసలు విషయం. రాతికి ఉన్న రంగు సగమే. మిగతా సగం వెలుగుది.

స్లాట్ కాన్యన్ అంటే వరదనీరు ఇసుకరాయిని కోసుకుంటూ వెళ్లి చేసిన సన్నని చీలిక లాంటి లోయ. కొన్నిచోట్ల ఇద్దరు పక్కపక్కన నడవలేరు. పైనుంచి ఎండ నేరుగా అడుగుకు చేరదు, గోడ నుంచి గోడకు తగిలి దిగుతుంది. లెక్క కోసం గోడ తన మీద పడిన ఎరుపు వెలుగులో సగాన్ని, నీలం వెలుగులో ఐదో వంతును వెనక్కి పంపుతుందని అనుకుందాం. మొదటిసారి తగిలినప్పుడు ఎరుపు నీలానికి రెండున్నర రెట్లు. రెండోసారి తగిలేసరికి ఆరు రెట్లు దాటింది. మూడోసారికి పదిహేను రెట్లు దాటింది. అంటే పై గోడ లేత పసుపుగా, దాని కింద గోడ నారింజగా, ఇంకా కింద గోడ చిక్కని ఎరుపుగా కనిపించడానికి మూడు రకాల రాళ్లు అక్కర్లేదు. రాయి ఒకటే, వెలుగు ప్రయాణమే వేరు. ఇక ఆ ఎండ వెలుగు కూడా చేరని మూలల్లో ఆకాశపు నీలం ఒక్కటే దిగి ఎర్రరాతి మీద పడుతుంది, అక్కడ ఊదా రంగు పుడుతుంది.

ఈ వరసే స్లాట్ కాన్యన్ ఫొటోకి ప్రాణం. పసుపు నుంచి ఊదా దాకా దిగుతున్న ఆ మెట్లను చూసే కన్నుకు లోతు తెలుస్తుంది. సాచురేషన్ పెంచడమంటే హార్మోనియం మీద మెట్లన్నీ ఒకేసారి నొక్కి గట్టిగా మోగించడమే. మోత వస్తుంది, రాగం పోతుంది.

బయలు ప్రదేశాల్లోనూ ఇదే కథ. యూటాలోని కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులో మేసా ఆర్చ్ అనే రాతి తోరణం దగ్గర సూర్యోదయానికి ముందే ట్రైపాడ్‌లు బారులు తీరతాయి. తోరణం అడుగుభాగం నారింజ రంగులో వెలిగిపోవడం కోసం అందరి ఎదురుచూపు. ఆ వెలుగు కింద ఉన్న కొండచరియ మీద పడిన ఎండ వెనక్కి తిరిగి పైకి కొట్టడం వల్ల వస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ అది అంతగా వెలుగుతున్నట్టు కనిపించడానికి కారణం తోరణం ఇవతలి ముఖం ఇంకా నీడలో నీలంగా ఉండడమే. ఆ నీలాన్ని 'సరిచేసి' గోధుమరంగు చేసేస్తే కింది నారింజకు ఏం విలువ? (మోచేతులతో పొడుచుకుంటూ అందరూ ఒకే ఫొటో తీయడం గురించి నాకు వేరే ఫిర్యాదులు ఉన్నాయి, అవి మరోసారి.)

నీడ గురించి ఇంకొంచెం చెప్పాలి. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ నీలం పెరుగుతుంది. మధ్యాహ్నపు ఎండ రంగు 5500 కెల్విన్ చుట్టుపక్కల ఉంటే, నీలాకాశం కింది నీడ 10000 కెల్విన్ దాటిపోతుంది. మన కన్ను, మెదడు కలిసి ఆ నీలాన్ని సర్దేసి మనకు 'మామూలు రాయి' అని చూపిస్తాయి. కెమెరా అలా నీడను విడిగా సర్దదు. అందుకే ఇంటికొచ్చి స్క్రీన్ మీద చూసినప్పుడు నీడలు నీలంగా కనిపిస్తే చాలామంది అది కెమెరా తప్పనుకుంటారు. అది తప్పు కాదు, అక్కడ నిజంగా ఉన్నదే. ఇక డెసర్ట్ వార్నిష్ అనే నల్లని చారలు ఉన్నాయి. మాంగనీసు, ఇనుము, బంకమట్టి కలిసి వేల ఏళ్లలో రాతి మీద పేరుకున్న పలచని పొర అది. మెరుపు ఉన్న పొర కాబట్టి సరైన కోణంలో నిలబడి చూస్తే ఆకాశాన్ని ప్రతిబింబిస్తుంది. ఎర్రటి కొండ మీద వెండి కలిసిన నీలం చారలు కనిపిస్తాయి. రెండడుగులు పక్కకు జరిగితే మళ్లీ నల్లబడతాయి. నాకు తెలిసి ఆ ఎడారిలో తీయదగ్గ గొప్ప రంగు అదే, ఎరుపు దాని తర్వాతే.

కెమెరా దగ్గర చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు, రెండు జాగ్రత్తలు చాలు. ఒకటి, వైట్ బ్యాలెన్స్‌ను, అంటే వెలుగు రంగుకు తగ్గట్టు ఫొటో రంగుల్ని సర్దే అమరికను, ఆటోలో ఉంచకుండా డేలైట్‌లో పెట్టుకోవడం. ఆటోలో ఉంచితే కాన్యన్ లోపల ఎరుపు ఎక్కువైందని కెమెరా తనే తగ్గించేస్తుంది, ఒక్కో ఫ్రేముకు ఒక్కోలా. 'క్లౌడీ'లో పెడితే ఎరుపు పెరిగి ఊదా చచ్చిపోతుంది. 'రా' ఫైలు, అంటే కెమెరా సర్దని ముడి ఫైలు తీస్తే తర్వాత మార్చుకోవచ్చనేది నిజమే, కానీ అక్కడ నిలబడి స్క్రీన్ మీద చూసుకుని నిర్ణయాలు తీసుకునేటప్పుడు ఆ తప్పుడు రంగే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. రెండోది, హిస్టోగ్రామ్‌లో, అంటే చీకటిని ఎడమవైపు, వెలుగును కుడివైపు చూపించే గ్రాఫ్‌లో, రెడ్ చానల్‌ను (ఎరుపు గీతను) విడిగా చూడడం. మొత్తం వెలుగు చూపించే గీత మధ్యలోనే ప్రశాంతంగా ఉంటుంది, ఈలోపు రెడ్ చానల్ కుడిగోడకు గుద్దుకుని ఉంటుంది. అలా గుద్దుకున్నచోట పొరల గీతలు మాయమవుతాయి, రంగు పసుపువైపు జారుతుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుగు సగానికి) తగ్గిస్తే సరిపోతుంది.

ఇక వాదనల సంగతి. మొదటి వాదన ఎప్పుడూ అమెరికన్ నలుపుతెలుపు ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ పేరుతో వస్తుంది. 'ఆయన అంతగా మార్చేవాడు కదా, మేం మారిస్తే తప్పేంటి?' నిజమే, ఆయన విపరీతంగా మార్చేవాడు. 1941లో న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే ఊరి మీద చంద్రుడు లేస్తుండగా తీసిన ఫొటో చూడండి. తొలినాటి ప్రింట్లలో ఆకాశం బూడిదరంగులో ఉండి మబ్బు చారలు కనిపిస్తాయి. తర్వాతి ప్రింట్లలో అదే ఆకాశం దాదాపు నల్లగా మారిపోయింది. 1948లో నెగెటివ్ కింది భాగాన్ని రసాయనంతో మళ్లీ చిక్కబరిచాడు. ఒక్క నెగెటివ్ నుంచి దశాబ్దాల పాటు వెయ్యికి పైగా ప్రింట్లు చేశాడు, అన్నీ ఒకేలా ఉండవు. నెగెటివ్ స్వరలిపి లాంటిదైతే ప్రింటు కచేరీ లాంటిదన్నది ఆయన ప్రసిద్ధ అభిప్రాయం.

కాబట్టి మార్చకూడదని నేను అనడం లేదు. 'కెమెరా ఏమిస్తే అదే నిజం' అనేవాళ్లతో కూడా నాకు పేచీయే. కెమెరా ఇచ్చేది ఎవరో ఇంజనీరు చేసిన మార్పు, అంతే. నా అభ్యంతరం ఏమిటంటే, ఆడమ్స్ ఆకాశాన్ని నల్లబరిచినప్పుడు కింద సమాధుల మీది శిలువలు ఇంకా తెల్లగా తేలాయి, అంటే తేడా పెరిగింది. సాచురేషన్ స్లైడర్ చేసేది దానికి సరిగ్గా తలకిందులు. అన్నింటినీ ఒకే అంచుకు తోసి తేడాను చంపేస్తుంది.

రెండో వాదన వెల్వియా ఫిల్ముది. 'ఫిల్మే ఎరుపును పెంచేది కదా, మేం పెంచితే తప్పేంటి?' అని. ఫూజీ కంపెనీ 1990లో తెచ్చిన ఆ స్లైడ్ ఫిల్ము ఎరుపునూ పచ్చనూ బాగా పెంచి చూపించేది. ఎడారి ఫొటోగ్రాఫర్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఇవాళ మన కంటికి 'ఎడారి అంటే ఇలాగే ఉండాలి' అనిపించే ఎరుపుకు బీజం చాలావరకు అక్కడ పడిందని నా అనుమానం. అయితే వెల్వియా వేగం ఐఎస్ఓ 50 మాత్రమే, అంటే దానికి వెలుగు ఎక్కువసేపు కావాలి, పైగా వెలుగునీడల తేడాను తక్కువ భరించేది. అందుకని వాడేవాళ్లు మెత్తని వెలుగు కోసం కాచుకుని ఉండేవాళ్లు. ఆ ఓపిక వల్ల ఫొటో కొంత బతికేది. ఇప్పుడు ఆ ఓపిక పోయి, ఎరుపు మాత్రం మిగిలింది.

ఆ ఫిల్ముకు చాలా ముందే ఎలియట్ పోర్టర్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఇదే ఎడారిలో కలర్‌లో పనిచేశాడు. గ్లెన్ కాన్యన్ డ్యామ్ గేట్లు 1963లో మూసేయడానికి ముందు ఆ లోయలో తిరిగి ఫొటోలు తీశాడు. తర్వాత ఆ లోయలో ఎక్కువ భాగం లేక్ పావెల్ నీళ్ల కింద మునిగిపోయింది. ఆయన పనిలో నాకు నచ్చేది నేరుగా పడే ఎండను అంతగా పట్టించుకోకపోవడం. నీడలో ఉన్న గోడ, దాని కింద నీటిలో మెరిసే ఆకాశపు నీలం, ఎదుటి గోడ నుంచి వచ్చి పడే బంగారు రంగు. ఆయన ప్రింట్లు డై ట్రాన్స్‌ఫర్ పద్ధతిలో చేసేవాడు. ఒక ఫొటోను మూడు రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగును వేరువేరుగా కాగితం మీదికి ఎక్కించాలి. ప్రతి రంగూ చేతిలో ఉండేది కాబట్టి ఎంత కావాలంటే అంత ఎరుపు పెంచుకోగలడు. పెంచలేదు.

మూడో సంగతి కొంచెం తమాషాది. యాంటిలోప్ కాన్యన్ లోపల తీసిన ఒక ఫొటోను 65 లక్షల డాలర్లకు అమ్మినట్టు 2014లో ఫొటోగ్రాఫర్ పీటర్ లిక్ సంస్థ ప్రకటించింది. కొన్నది ఎవరో చెప్పలేదు, అమ్మకం వేలంలో జరగలేదు, కాబట్టి ఆ అంకె మీద అనుమానాలు ఉన్నాయి. నాకు ఆసక్తి కలిగించింది అంకె కాదు. భూమ్మీద అంత ఎర్రని లోయలు కొన్నే ఉంటాయి, అక్కడ తీసిన ఆ ఫొటో మాత్రం బ్లాక్ అండ్ వైట్! దానికి ముందే వచ్చిన కలర్ ఫొటోకి నలుపుతెలుపు రూపం అది. ఎరుపు మొత్తం తీసేసినా ఫొటో నిలబడిందంటే దాన్ని మోస్తున్నది ఎరుపు కాదనేగా అర్థం.

ఎరుపు పిచ్చి ఒక్కోసారి రాతికే చేటు తెస్తుంది. 2000లో ఒక ఫొటోగ్రాఫర్ రాత్రిపూట ఆర్చెస్ పార్కులోని డెలికేట్ ఆర్చ్ అనే తోరణాన్ని వెలిగించి తీయాలని దాని దగ్గర మంటలు పెట్టాడు. రాతి మీద కాలిన మరకలు మిగిలాయి, కోర్టులో నేరం ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు కాగితం దగ్గరికి వద్దాం. నా దృష్టిలో అసలు పరీక్ష ఇక్కడే. మానిటర్ తన వెలుగు తాను ఇస్తుంది, తెలుపుకూ నలుపుకూ మధ్య 1000 రెట్ల తేడా తేలిగ్గా చూపిస్తుంది. కాగితం తన మీద పడిన వెలుగును తిప్పి పంపడం తప్ప ఏమీ చేయలేదు. మంచి మ్యాట్ (మెరుపు లేని) కాగితం మీద అన్నిటికన్నా చిక్కని నలుపు డెన్సిటీ, అంటే చిక్కదనం కొలత, 1.6, 1.7 దగ్గర ఆగుతుంది, అంటే తెలుపుకూ నలుపుకూ తేడా 40, 50 రెట్లు. కొంచెం మెరుపు ఉండే బరైటా కాగితం 2.3 దాకా వెళ్తుంది, అంటే సుమారు 200 రెట్లు. కాన్యన్ లోపల ఉన్న తేడా వెయ్యిని కూడా దాటుతుంది. ఇంత పెద్ద దృశ్యాన్ని అంత ఇరుకులో పెట్టాలంటే ఏదో ఒకటి వదులుకోక తప్పదు. ఏది వదులుకుంటామన్నదే ఫొటోగ్రాఫర్ రుచి.

నేను వదులుకునేది ఎరుపునే. దీనికి సాంకేతిక కారణం కూడా ఉంది. స్క్రీన్ మీద వెలిగే నారింజను ఇంకు అందుకోలేదు. ఆరెంజ్ ఇంకు విడిగా ఉన్న ప్రింటర్లు కొంత మెరుగే కానీ వాటికీ హద్దు ఉంది. ఆ హద్దు దాటిన రంగులన్నీ ప్రింటులో ఒకేచోట కుప్పపడతాయి. స్క్రీన్ మీద ఐదు రకాల నారింజ ఉన్నచోట కాగితం మీద ఒక్క ముద్ద మిగులుతుంది. సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింటు ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపించే ఏర్పాటు) పెట్టి, ఆ కాగితం రంగుల హద్దులు చెప్పే ప్రొఫైల్ ఎంచుకుని, హద్దు దాటిన రంగుల్ని చూపించమంటే కాన్యన్ ఫొటోలో సగం మెరుస్తుంది. అప్పుడు నారింజ సాచురేషన్ మెల్లగా దించుతూ వస్తే ఒకచోట పొరలు మళ్లీ విడివిడిగా కనబడతాయి. అక్కడ ఆగాలి. స్క్రీన్ మీద వెలవెలపోయినట్టు ఉంటుంది, గాబరా పడక్కర్లేదు. మానిటర్ వెలుగు చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్య లేకపోతే ఈ తంతంతా దండగ. మానిటర్ బాగా వెలిగించి పెట్టుకుని, ప్రింటు చీకటిగా వచ్చిందని ప్రింటర్‌ను తిట్టేవాళ్లే ఎక్కువ.

ఎరుపు దించితే ఫొటో చప్పబడదా అని అడుగుతారు. చప్పబడుతుంది, అక్కడే వదిలేస్తే. అక్కణ్ణుంచి పని వెలుగునీడలతో చేయాలి. పొర అంచు మీద కొంచెం వెలుగు, పక్క గాడిలో కొంచెం చీకటి, చిన్న బ్రష్‌తో, ఒక్కోచోట. నీడల్లో ఉన్న నీలాన్ని మాత్రం ముట్టుకోను. పనికి పట్టే సమయమంతా ఇక్కడే పోతుంది.

మ్యాటా, బరైటానా? లోతైన నీడలున్న స్లాట్ కాన్యన్‌కు బరైటా, ఎండలో తెల్లబారిన విశాలమైన దిబ్బలకు మ్యాట్. ఇసుకరాయి పొడిగా, గరుకుగా ఉంటుంది, మ్యాట్ కాటన్ కాగితం స్వభావమూ అదే, కాబట్టి ఆ జోడీ కుదురుతుంది. రసాయనాలతో తెల్లగా చేసిన కాగితాలు మాత్రం వద్దు. కాలం గడిచేకొద్దీ ఆ రసాయనం శక్తి తగ్గి కాగితం పసుపుకు తిరుగుతుంది, ముందుగా నాశనమయ్యేది లేత నీలాలే. అల్యూమినియం రేకు మీద, యాక్రిలిక్ వెనక అతికించే ప్రింట్లు తళతళలాడతాయి, అందుకే నాకు నచ్చవు. రాయి తడిసినట్టు కనిపిస్తుంది.

సైజు గురించి గొడవ పెద్దగా లేదు. 45 మెగాపిక్సెల్ ఫైలు అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 27 అంగుళాల వెడల్పు వస్తుంది. చాలా రాళ్లకు అది ఎక్కువే.

ఎరుపు ఎక్కువున్న ప్రింటే ఎక్కువ అమ్ముడవుతుంది. ఇది ఒప్పుకోవాలి, అమ్మే ఎవరినైనా అడగండి. కొనేవాళ్లను తప్పు పట్టను. గ్యాలరీ స్పాట్‌లైట్ కింద, పది ఫొటోల మధ్య, అరుస్తున్న దాని మీదికే చూపు పోతుంది. కానీ ఇంటికి తీసుకెళ్లిన ప్రింటును రోజూ చూడాల్సింది గ్యాలరీలో కాదు. ఆ ఇంటి గదిలో బల్బు 2700 కెల్విన్ పసుపు వెలుగుదైతే, నేను జాగ్రత్తగా కాపాడిన నీలం సాయంత్రం కల్లా బూడిదరంగవుతుంది, ఎరుపు ఇంకో మెట్టు పైకెక్కుతుంది. అందుకని ప్రింటు అడిగినవాళ్లను నేను మొదట అడిగేది గోడ సైజు కాదు, గోడ మీద ఏ వెలుగు పడుతుందని. ముందుగా ఒక చిన్న టెస్ట్ ప్రింటు పంపి, ఆ గోడకే అంటించి పగలూ రాత్రీ చూడమంటాను. కొందరు బల్బు మార్చేస్తారు. మార్చడం కుదరదంటే ఆ గది కోసం నీడల్ని ఇంకాస్త నీలంవైపు జరిపి వేరే ఫైలు తయారుచేస్తాను, అందుకు అదనంగా ఏమీ తీసుకోను. ఎరుపు పెంచి పంపమంటే మాత్రం అడ్వాన్సు వెనక్కిచ్చేస్తాను.